కథ వ్రాయదలచిన మన పిల్లలకు

పోయిన నెల సాఖర్ పేట నుంచి ఒక కుర్రవాడు నోటుపుస్తకం చంకన పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. "కాకా, కథ రాసిన. పత్రికకు పంపాలె. జర చూసి చెప్పు" అన్నాడు. చదివాను. హైదరాబాదులో ఒక పెద్ద బంగళా, దాని ముందు కారు, అందులోనుంచి దిగిన ధనవంతుల పిల్ల, ఆమెను చూచి మైమరచిన నాయకుడు. అక్షరదోషాలు తక్కువే. కాని కథలో ఒక్క మనిషికీ ప్రాణం లేదు.

"హైదరాబాదుకు ఎన్నిసార్లు పోయినవు బిడ్డా?" అని అడిగాను.

"రెండుసార్లు. పెండ్లిళ్లకు."

"సరే. నిన్న వస్తానని ఈవేళ వచ్చినవేమి?"

అప్పుడు చెప్పాడు. ఇంట్లోని రెండు మరమగ్గాలనూ నిన్ననే పాత ఇనుము క్రింద తూకానికి అమ్మివేశారట. బండి వెళ్లిన తరువాత తండ్రి ఆ ఖాళీ గదిని శుభ్రంగా ఊడ్చి, ఒక నాడెను, మన పేటలో ధోటా అంటాము గదా, దానిని తీసికొనిపోయి మార్కండేయస్వామి పటం వెనుక పెట్టాడట. తల్లి చూచి కూడ ఏమీ అనక, చాట ముందుంచుకొని బీడీలు చుడుతూ కూర్చున్నదట. రాత్రి చప్పుడు లేకపోయేసరికి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదట.

"ఇదే వ్రాయి" అన్నాను.

వాడు తెల్లబోయాడు. "ఇది కథెట్లయితది కాకా? ఇది మా ఇంటి ముచ్చట!"

వ్రాయగోరే మన పిల్లలు పొరబడేది సరిగా ఇక్కడే. కథ అంటే ఎక్కడో కృష్ణా గోదావరుల ఒడ్డునో, హైదరాబాదులోనో పుట్టేదనీ, షోలాపూరులో ఉన్న మనకు అది దక్కదనీ అనుకొంటారు. భండారు అచ్చమాంబగారిని తలచుకోండి. కృష్ణాజిల్లాలో పుట్టి, పెండ్లి అయిన తరువాత తెలుగుదేశానికి దూరంగా, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూరు ప్రాంతంలో కాపురమున్న ఇల్లాలు ఆమె. ఆమె వ్రాసిన "ధనత్రయోదశి" 1902లో అచ్చయింది. గురజాడవారి "దిద్దుబాటు" వచ్చినది 1910లో. అచ్చమాంబగారి కథయే తెలుగులో మొదటి కథ అని పలువురు పరిశోధకుల అభిప్రాయం. పొరుగు భాషల నడుమ బ్రతికే మనవంటి వారికి ఇంతకన్న ధైర్యమేమి కావాలి?

పెద్ద సంగతులు కూడ అవసరం లేదు. పాలగుమ్మి పద్మరాజుగారి "గాలివాన"కు 1952లో న్యూయార్కు హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి వచ్చింది. అందులో ఉన్నదేమిటి? ఒక రైలు ప్రయాణం, ఒక తుపాను రాత్రి, నియమాలు పెట్టుకొన్న ఒక పెద్దమనిషి, ఒక బిచ్చగత్తె. అంతే. ఆ ఒక్క రాత్రిలో ఆ పెద్దమనిషి తన్ను తాను కొత్తగా చూచుకొన్నాడు. కనుక వ్రాయడానికి కూర్చునే ముందు ఒక్క ప్రశ్న వేసికోండి: ఈ కథలో ఎవరికి ఏమి మారింది? జవాబు దొరికితే సగం పని అయినట్లే.

ఇక మొదలుపెట్టడం. తాతగారు కరీంనగరు నుంచి మూట కట్టుకొని వచ్చిన నాటినుంచి ఎత్తుకోవద్దు. ఇనుము కొనేవాని బండి గుమ్మం ముందు ఆగిన క్షణం నుంచి ఎత్తుకోండి. తాతగారి సంగతి అవసరమైనచోట ఒక వాక్యంలో వస్తుంది. చివర నీతి బోధించవద్దు. నాడె పటం వెనుకకు చేరిన తరువాత మనం చెప్పవలసిందేమీ లేదు.

భాష విషయం చాలమంది అడుగుతారు. కథ చెప్పేటప్పుడు మీకు చేతనైన తెలుగు వ్రాయండి. మనుషులు మాట్లాడేటప్పుడు మాత్రం మన గల్లీ మాటే ఉండాలి. అవ్వ నోట "పగార్" తీసివేసి "వేతనం" పెట్టారా, ఆమె అవ్వ కాకుండా పోతుంది. మరాఠీ మాట దొర్లితే సిగ్గుపడనక్కరలేదు. గుంటూరు పాఠకునికి కూడ వాక్యాన్ని బట్టి అర్థమయ్యేటట్లు చూడండి, చాలు. మరాఠీ బడిలో చదివి మన లిపి సరిగా రానివారు కథను నోటితో చెప్పి ఫోనులో రికార్డు చేసికొనండి. తెలుగు వచ్చిన పెద్దవారిచేత వ్రాయించండి. లిపి రేపైనా నేర్చుకోవచ్చును. అవ్వ జ్ఞాపకం రేపటిదాక ఆగుతుందన్న నమ్మకం లేదు.

వ్రాసిన కథను వారం రోజులు ముట్టవద్దు. తరువాత ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించండి. వినేవారు పొయ్యిమీది పాలు చూచి వస్తామని ఎక్కడ లేచారో, అక్కడ కోయండి.

పంపేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ముందు ఆ పత్రిక సంచికలు నాలుగైనా చదవండి. నిడివి ఎంత అడుగుతున్నారో చూడండి. కథ మీ స్వంతమనీ, అనువాదం కాదనీ, ఎక్కడా అచ్చు కాలేదనీ హామీపత్రం జతచేయండి. ఒకే కథను ఒకేసారి రెండుచోట్లకు పంపవద్దు. నకలు దగ్గర ఉంచుకోండి. పండుగ సంచికకైతే మూడు నెలల ముందే పంపాలి. కథ వేయడానికి మీ దగ్గరే డబ్బు అడిగేవారికి దూరంగా ఉండండి.

కథ తిరిగివస్తే? నా మొదటి కథ మూడుచోట్ల నుంచి తిరిగివచ్చింది. కార్ఖానాలో బీడీలు ఏరి పక్కన పడవేసినా మన అక్కలు మరునాడు చుట్టడం మానరు గదా! కోపం తగ్గాక కథను మళ్లీ చదవండి. లోపం కనబడితే దిద్దండి. కనబడకపోతే మరొక పత్రికకు పంపండి.

ఆ కుర్రవాడు వెళ్తూ గుమ్మంలో ఆగి, "నాయిన చదివితే ఏమనుకుంటడు కాకా?" అని అడిగాడు. అసలైన ప్రశ్న అదే. పేర్లు మార్చు, గల్లీ మార్చు. కాని అచ్చుకు పంపకముందు ఆయనకే చదివి వినిపించు, వద్దంటే మానుకో అన్నాను.

మొన్న ఆదివారం మళ్లీ వచ్చాడు. తండ్రి మొత్తం విన్నాడట. చాలసేపు ఏమీ అనలేదట. చివరకు, "ఇనుము తూకం తప్పు రాసినవు. ఆరు కిలోలు తక్కువైంది, సరిచెయ్యి" అన్నాడట. సరిచేసి కథ పంపించాడు.

మీలో ఎవరైనా కథ మొదలుపెడితే మొదటి పేజీ మాకు పంపండి. వచ్చే నెల దానిమీదనే ముచ్చటించుకొందాము.