బజారుకు స్వేచ్ఛ, తరాజుకు ఇన్సాఫ్

ప్రభుత్వం ఎంత తక్కువగా జోక్యం చేసుకుంటే ప్రజలు అంత బాగుపడతారని చెప్పే మేధావులు నేడు చాలామంది ఉన్నారు. వ్యక్తికి స్వేచ్ఛ, ఆస్తికి రక్షణ, అందరికీ ఒకే చట్టం ఉంటే చాలు, మిగతాది బజారే చూసుకుంటుందని వారి వాదం. ఇది పాశ్చాత్యుల మాట అని కొట్టివేయడం మనకు తగదు. కళ్లు మూసుకుని తలకెత్తుకోవడమూ తగదు. మన తరాజులో తూచి చూడాలి.

మదీనాలో ఒకసారి ధరలు పెరిగాయి. ధరలు నిర్ణయించమని ప్రజలు దైవప్రవక్త (సల్లం)ను కోరారు. ఆయన ఒప్పుకోలేదు. ధరల హెచ్చుతగ్గులు అల్లాహ్ చేతిలో ఉన్నాయన్నారు. ఒకరి ప్రాణానికి గానీ, సొమ్ముకు గానీ అన్యాయం చేశానన్న ఫిర్యాదు తనపై లేకుండా ప్రభువు సన్నిధికి చేరాలన్నదే తన కోరిక అన్నారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. పరుల సొమ్ము జోలికి పోవడానికి పాలకుడు సైతం జంకాలన్నది ఇందులోని పాఠం.

అయితే ఆయన (సల్లం) బజారును అదుపు లేకుండా వదిలేయలేదు. ధర పెరగాలని సరుకు దాచిపెట్టే ఇహ్తికార్‌ను పాపమన్నారు. సరుకు తెచ్చేవారికి బజారు ధర తెలియక ముందే, ఊరి బయట ఎదురేగి కొనడాన్ని నిషేధించారు. తూకంలో మోసగించేవారి పేరుతోనే దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరా ఉంది. వర్తకులు కుమ్మక్కై ప్రజల అవసరాన్ని పిండుకుంటుంటే ధర నిర్ణయించవచ్చని ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మ) వాదించారు.

1332లో ట్యునిస్‌లో పుట్టిన ఇబ్నె ఖల్దూన్ 1377లో ముఖద్దిమా రాశారు. సుల్తాను స్వయంగా వ్యాపారంలోకి దిగితే ప్రజలూ దెబ్బతింటారు, ఖజానాకూ నష్టమేనని అందులో వివరించారు. అధికారం చేతిలో ఉన్నవానితో రైతు గానీ, వర్తకుడు గానీ పోటీపడలేడు. సంపాదించింది చేజారుతుందని తెలిస్తే ఎవరూ కష్టపడరు. ఆడమ్ స్మిత్ గ్రంథం 1776లో వెలువడింది. దానికి దాదాపు 400 ఏళ్ల ముందటి మాట ఇది. పాలకుడు ముందే తెలిసిన నియమాలకు కట్టుబడాలని, అప్పటికప్పుడు తోచిన ఆజ్ఞలతో ప్రజల బతుకును శాసించరాదని 1944 నాటి తన పుస్తకంలో హేయక్ వాదించారు. అంతవరకు మనకు అభ్యంతరం లేదు.

ఇక మన దేశం సంగతి. 1991 జూలైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం 18 రకాల పరిశ్రమలు మినహా మిగతావాటికి లైసెన్సు అవసరం తీసివేసింది. ఫ్యాక్టరీ యజమానికి దొరికిన ఆ స్వేచ్ఛ తోపుడు బండిపై పండ్లు అమ్మేవానికి దొరికిందా? వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని, దానికి సమంజసమైన పరిమితులు ఉండవచ్చని 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల రక్షణకు చట్టం చేసింది. దాని ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు అందేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదు. ఆ తర్వాతైనా 30 రోజుల నోటీసు ఉండాలి. జప్తు చేసిన సరుకుకు జాబితా ఇవ్వాలి. పాడైపోయే సరుకును, రుసుము కట్టి అడిగిన రోజే తిరిగివ్వాలి. పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి.

చట్టం కాగితం మీద ఉండి బండి మాత్రం లారీ ఎక్కుతుంటే, అక్కడ స్వేచ్ఛా లేదు, ఇన్సాఫూ లేదు. మామూళ్లు పేదవాని మీద రసీదు లేని పన్ను.

స్వేచ్ఛా వాణిజ్యవాదులతో మన దారి ఒకచోట వేరవుతుంది. వారిలో చాలామందికి పేదవానికి ఇవ్వడం ధనికుని ఇష్టం. మనకు జకాత్ విధి. అది పేదవాని హఖ్.

ప్రభుత్వాన్ని నిలదీసే ముందు మన వీధినీ చూసుకుందాం. దుకాణం ముందున్న రోడ్డు దుకాణదారునిది కాదు. అక్కడ బండి పెట్టుకున్నవాని దగ్గర అద్దె వసూలు చేయడం పరుల సొమ్ము తినడమే. మస్జిద్ కమిటీలు, చదువుకున్న యువకులు ఈ చట్టాన్ని వీధి వ్యాపారులకు చదివి వినిపించాలి. సర్వేలో వారి పేర్లు చేర్పించాలి. బలహీనుని సరుకుకు రక్షణ లేని బజారును స్వేచ్ఛా బజారు అని పిలవలేము.