ఆపరేషన్‌కు కార్డు ఉంది, బీపీ మాత్రకు లేదు

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. మంచిదే. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఈ పథకం గుండె ఆపరేషన్‌ను, క్యాన్సర్ చికిత్సను పేదల దాకా తెచ్చింది. దాన్ని తక్కువ చేయలేం.

కానీ ఇళ్లలో పాచిపని చేసే ఒక తల్లిని అడిగి చూడండి. ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బు ఎప్పుడో ఒకసారి వస్తుంది. బీపీ, షుగర్ మాత్రలు మాత్రం రోజూ మింగాలి. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి కోసం. మందుల షాపులో నెలనెలా అయ్యే ఖర్చుకు ఆ కార్డు చెల్లదు. ఇంటద్దె కట్టాల్సిన వారం రాగానే ముందు ఆగేది మాత్రలే. కొన్నేళ్లకు కిడ్నీలు పాడయ్యాక అదే మనిషికి అదే కార్డు మీద డయాలసిస్ చేస్తారు! ప్రభుత్వానికి మాత్ర చవకా, డయాలసిస్ చవకా?

ఈ లోటు తీర్చడానికే హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు తెరిచారు. డాక్టరు, రక్తపరీక్షలు, మందులు, అన్నీ ఉచితమే. సరైన ఆలోచన. చిక్కల్లా వేళల దగ్గరే. అవి పగటిపూట పనిచేస్తాయి. అడ్డా మీది కూలీ ఆ సమయంలో ఎక్కడో స్లాబు పోస్తుంటాడు. దవాఖానాకు వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. ఇక అతను రాత్రి ఎనిమిదింటికి ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లి ఇంజక్షన్ వేయించుకుంటాడు. ఆర్‌ఎంపీని తిట్టడం తేలికే. కానీ ఆ వేళకు తలుపు తెరిచి ఉంచేది అతనే, అప్పు పెట్టేదీ అతనే.

వెల్లూరులో చదువుకున్న డాక్టర్ రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే దంపతులు 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో పని ప్రారంభించారు. పెద్ద చదువుల్లేని పల్లె స్త్రీలకే శిక్షణ ఇచ్చి, ఊళ్లో ఆరోగ్య బాధ్యత అప్పగించారు. వాళ్లు ఊరివాళ్లే కాబట్టి పొలం నుంచి మనిషి ఎప్పుడొస్తే అప్పుడే చూడగలిగారు. నేడు మన ఆశా వర్కర్లు చేయగలిగేదీ ఇదే. అయితే నిలకడైన జీతం కోసం వాళ్లే రోడ్డెక్కాల్సి వస్తోంది.

వారానికి మూడు సాయంత్రాలైనా బస్తీ దవాఖానాలు రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచాలని అడగాలి. ఈలోగా మన సంఘాలు చేయగలిగింది కూడా ఉంది. రిటైరైన నర్సు ఒక్కరైనా లేని సంఘం అరుదు. చర్చి హాళ్లు పనిదినాల్లో సాయంత్రం ఖాళీగానే ఉంటాయి. బీపీ చూడటానికి, మాత్రలు ఆపేసినవారి పేర్లు రాసుకుని ఆశా వర్కరుకు చెప్పడానికి ఒక బల్ల, రెండు కుర్చీలు చాలు. ఎవరి మతమేదని అడగనక్కర్లేదు.