పొసోలేకి చెంచాడు సున్నం

"ఎండు మొక్కజొన్న గింజలు రాత్రంతా నానబెట్టి, కుక్కరులో పది కూతలు రానిచ్చానండీ. లోపలి పిండి మెత్తబడింది గాని పైతోలు మాత్రం పంటికింద అట్టముక్కలాగా అలాగే వుంది. ఇది పోయే దారేమిటి?" అని గుంటూరు నుంచి ఒక సోదరి రాశారు.

ఇంకో పది కూతలు రానివ్వండి అని చెప్పి వూరుకోవచ్చును. కాని లాభం లేదు. మొక్కజొన్న తోలుకు కావలసింది కూతలు కాదు, సున్నం. ఆశ్చర్యపోకండి, తమలపాకుకు రాసుకొనే సున్నమే. ఈ కిటుకు కనిపెట్టినవాళ్ళు మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల పూర్వులు. కనిపెట్టి మూడువేల ఏళ్ళు దాటింది. అలా తోలు వలిచిన గింజలతో వాళ్ళు వండుకొనే చారులాంటి వంటకం ఒకటి వుంది, పొసోలే అని. ఈ వారం దాని సంగతి చెబుతాను. చాలామటుకు కుక్కరే చేసిపెడుతుంది. అది చెయ్యలేని పని ఒకటుంది, దాని గురించే ఎక్కువ చెప్పాలి.

పోయిన వేసవి సెలవుల్లో నెల్లాళ్ళు టెక్సాస్‌లో మా పిన్ని కూతురి దగ్గర వున్నాను. పొరుగింటావిడ మెక్సికోలోని హలిస్కో రాష్ట్రం మనిషి. ఆదివారాలు ఆవిడ ఇంట్లో పెద్ద తపేలాతో పొసోలే వుడికేది, వాసన మా పెరటిదాకా వచ్చేది. ఆవిడకు తెలుగు రాదు, నాకు స్పానిషు రాదు. మధ్యన మా చెల్లెలు ఇంగ్లీషులో దుబాసీ. వంటింట్లో అంతకన్న ఎక్కువ భాష అక్కరలేదు కూడాను.

తెలుగు పాఠాలు చెప్పుకొనేదాన్ని కాబట్టి కొత్త వంటకం కనబడితే ముందు పేరు విప్పి చూడాలనిపిస్తుంది నాకు. పొసోలే అన్నది అజ్టెక్కుల భాషలో మాట. నురగలెత్తడం, పొంగడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. తోలు వలిచిన గింజ వుడికి, రెక్కలు విప్పిన పువ్వులా పగులుతుంది. కుండ నిండా నురగ తేలినట్టే వుంటుంది. సున్నంలో వుడికించిన గింజను వాళ్ళు నిష్టమాల్ అంటారు. దానిలో మొదటి సగానికి బూడిద అని అర్థం. సున్నం కన్న ముందు కట్టెల బూడిదతో ఈ పని చేశారన్నమాట. మన నిష్ఠకూ దీనికీ చుట్టరికం లేదు. ఎవరైనా వ్యుత్పత్తి చెప్పబోతే నమ్మకండి. అమెరికా దుకాణాల్లో ఈ గింజల్నే హామినీ అని డబ్బాల్లో అమ్ముతారు. ఆ మాటా ఇంగ్లీషువాళ్ళ సొంతం కాదు, వర్జీనియా తీరపు ఆదివాసుల దగ్గర పుచ్చుకొన్నది.

సున్నం ఏం చేస్తుందంటే, గింజకు తోలును అంటించి వుంచే జిగురులాంటి పదార్థాన్ని కరిగిస్తుంది. తోలు వేళ్ళతో నలిపితే వూడివస్తుంది. కంటికి కనబడేది ఇంతే. కనబడనిది ఇంకొకటి వుంది. మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్ వుంటుంది గాని, గింజలో బిగుసుకుపోయి వుంటుంది. తిన్నా ఒంటికి పట్టదు. సున్నపు నీళ్ళలో వుడికితే విడివడి ఒంటికి అందుతుంది. ఈ విటమిన్ సంగతి మెక్సికో అవ్వలకు తెలియదు. కాని వాళ్ళు తరతరాలుగా మొక్కజొన్నే తిని ఆరోగ్యంగా వున్నారు.

కొలంబస్ 1492లో అటు వెళ్ళివచ్చాక మొక్కజొన్న యూరపుకు వచ్చింది. గింజలు ఓడ ఎక్కాయి గాని సున్నం ఎక్కలేదు. అక్కడి ఆడవాళ్ళను వండే పద్ధతి ఎవరూ అడిగినట్టు లేదు. తక్కువ ఖర్చుతో ఎక్కువ పంట కాబట్టి పేదలకు అదే కూడయింది. స్పెయిన్‌లోని ఆస్తూరియాస్‌లో కాసాల్ అనే వైద్యుడు 1735లో ఒక వింత రోగం చూశాడు. ఎండ తగిలిన చోటల్లా చర్మం ఎర్రబడి, పొలుసులు కడుతుంది. మెడచుట్టూ పట్టెడలాగా మచ్చ. తరువాత విరేచనాలు, మతి చలించడం, చివరకు చావు. ఇటలీలో ఫ్రపోలీ అనే వైద్యుడు 1771లో రాసిన పుస్తకంతో దానికి పెల్లాగ్రా అన్న పేరు స్థిరపడింది. గరుకు చర్మం అని అర్థం. పొలెంటా అనే మొక్కజొన్న సంకటి తప్ప మరో కూడు ఎరగని కూలివాళ్ళకే అది ఎక్కువగా వచ్చేది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అదే రోగం వేలమందిని పట్టుకొంది. అంటువ్యాధి అనుకొన్నారు అంతా. ప్రభుత్వం 1914లో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టరును పంపింది. ఆయన ఆస్పత్రులు, అనాథాశ్రమాలు తిరిగి ఒక చిన్న సంగతి పట్టుకొన్నాడు: రోగుల మధ్య రాత్రింబవళ్ళు మసలే నర్సులకు ఇది రావడంలేదు. అంటురోగమైతే వాళ్ళను వదులుతుందా? 1915లో మిసిసిపీలోని ఒక జైలు పొలంలో పదకొండుమంది ఖైదీలకు మొక్కజొన్న, బియ్యం, చక్కెరపాకం లాంటివే పెట్టి చూస్తే నెలల్లో ఆరుగురికి లక్షణాలు కనిపించాయి. శిక్ష రద్దు చేస్తామన్న మాటమీద ఒప్పుకొన్న ఖైదీలు వాళ్ళు. అది న్యాయమైన బేరమని నేననను. అయినా నమ్మనివాళ్ళకోసం ఆయన రోగుల నెత్తురు తనకే ఎక్కించుకొన్నాడు. భార్య మేరీ కూడా ముందుకు వచ్చి ఎక్కించుకొంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన 1929లో పోయాడు. లోపించినది నియాసినేనని 1937లో ఎల్వియెం అనే శాస్త్రజ్ఞుడు తేల్చేనాటికి ఆయన లేడు.

మనకు దూరపు కథ అనుకోకండి. మన దక్కనులో జొన్నమీదే బతికిన పేదల్లో ఇదే పెల్లాగ్రా కనబడేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయంలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటయ్యగార్లు ఆ రోగులను పరీక్షించి, జొన్నలో లూసిన్ అనే ఆమ్లం ఎక్కువగా వుండడం ఒక కారణం కావచ్చునని 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ వాదంమీద తరువాత శాస్త్రజ్ఞుల్లో తర్జనభర్జనలు జరిగాయి. అంతా విని కాల్చిన మొక్కజొన్న కండె చూసి భయపడేరు సుమండీ! పప్పు, కూర, పెరుగు తినేవాళ్ళకు ఈ బెడద లేదు. మూడుపూటలా అదొక్కటే తప్ప మరేదీ దొరకనివాళ్ళ కథ ఇది.

ఇక పొయ్యి దగ్గరకు వద్దాం.

నలుగురికి పావుకిలో ఎండు గింజలు చాలు. తెల్లవైతే మంచిది, పసుపువైనా ఫరవాలేదు. మెక్సికోలో దీనికి కకవసింత్లే అనే లావుపాటి తెల్లగింజ వాడతారు. తియ్యమొక్కజొన్న పనికిరాదు. విత్తనాల కొట్టులో గులాబిరంగు పూసి అమ్ముతారే, ఆ గింజలు ఇంటికి తేనే వద్దు. అది పురుగుమందు. సున్నం ఒక చిన్న చెంచాడు. తాంబూలం సున్నమే కావాలి, అందులోనూ వాసనలు కలపనిది. గోడలకు వేసేది కాదు. లీటరు నీళ్ళలో సున్నం కలిపి, గింజలు వేసి అరగంట వుడికించండి. నీళ్ళు పచ్చబడతాయి, తోలు జారడం మొదలుపెడుతుంది. దింపి, మూతపెట్టి, రాత్రంతా వదిలెయ్యండి.

ఇది స్టీలు గిన్నెలోనే చెయ్యాలి. అల్యూమినియాన్ని సున్నం తింటుంది. కుక్కరులో మూతబిగించి చేద్దామన్న ఆలోచన అసలు వద్దు. తోళ్ళు, నురగ వెళ్ళి ఆవిరి పోయే రంధ్రానికి అడ్డంపడితే ప్రమాదం. సున్నపు నీళ్ళు కంట్లో పడకుండా చూసుకోండి.

పొద్దున్నే గింజల్ని అరచేతుల మధ్య నలుపుతూ నాలుగైదు నీళ్ళు మార్చి కడగండి. తోళ్ళు తేలిపోతాయి. జారుడు పోయేదాకా కడగాలి. తరువాత గింజ మొనన వుండే గట్టి ముచికను గోటితో గిల్లి తీసెయ్యాలి. ఇది విసుగుపుట్టే పని, ఒప్పుకొంటాను. పిల్లలచేత కథలు చెప్పించుకొంటూ చెయ్యవచ్చును. మానేసినా మునిగిపోయేదేమీ లేదు గాని, గింజ పువ్వులా విచ్చుకోవాలంటే గిల్లవలసిందే.

ఇప్పుడు కుక్కరు. వలిచిన గింజలు, లీటరున్నర నీళ్ళు, సగం ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు. ఉప్పు వెయ్యకండి, గింజ విచ్చుకొన్నాకనే వేస్తారు వాళ్ళు. కుక్కరు సగానికి మించి నింపవద్దు. పేరులోనే చెప్పారు కదా పొంగుతుందని! కూతలు లెక్కపెట్టకుండా గడియారం చూడండి. మొదటి కూత రాగానే సెగ తగ్గించి ముప్పావుగంట. మామూలు కుండలో అయితే మూడు నాలుగు గంటలు పడుతుంది. మెక్సికో నగరంలో కుక్కరు మరీ అవసరం. సముద్రమట్టానికి 2240 మీటర్ల ఎత్తున వుండడంవల్ల అక్కడ నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కుక్కరులో ఆవిరి బిగబట్టి వేడిని 120 దాకా తీసుకుపోతుంది. డెనిస్ పపిన్ అనే ఫ్రెంచివాడు 1679లో ఈ యంత్రం మొదట చేసినప్పుడు ఎముకలు మెత్తబరచడానికని చేశాడు. మన పప్పు సంగతి ఆయనకేం తెలుసు!

కారానికి వాళ్ళు గువహీయో, ఆంచో అనే రెండు రకాల ఎండు మిరపకాయలు వాడతారు. రంగు ఎక్కువ, కారం తక్కువ. మిరప పుట్టిల్లు ఆ దేశమే కాబట్టి రకాలకు కొదవలేదు. మనకు బ్యాడిగి మిరపకాయలు సరిపోతాయి. ఆరేడు కాయలు గింజలు తీసి, వేడినీళ్ళలో ఇరవై నిమిషాలు నానవేసి, రెండు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు జీలకర్రతో మెత్తగా రుబ్బి, జల్లెడలో వడగట్టి, చెంచాడు నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించండి. గుంటూరు కాయలు ఇదే లెక్కన వేశారంటే మాత్రం తినేవాళ్ళ కన్నీళ్ళకు నాది బాధ్యత కాదు.

కుక్కరు చల్లారాక మూత తీసి, గింజ విచ్చుకొన్నదీ లేనిదీ చూసి, ఎముకలతో వున్న కోడిమాంసం అరకిలో, ఈ మిరప ముద్ద, ఉప్పు వేసి మరొక పన్నెండు నిమిషాలు. ముక్కలు తీసి పీచులు పీచులుగా విప్పి మళ్ళీ అందులోనే వెయ్యండి. అక్కడ ఎక్కువగా పందిమాంసం వేస్తారు. కోడీ, పందీ రెండూ స్పెయిన్‌వాళ్ళతో వచ్చినవే. అంతకుముందు పండగల పొసోలేలో ఏ మాంసం వేసేవారో పదహారో శతాబ్దపు మతగురువు సహగూన్ రాసిపెట్టాడు గాని, అన్నాల దగ్గర చదివే పత్రికలో చెప్పదగినది కాదు. మాంసం తిననివాళ్ళు పుట్టగొడుగులు వేసుకోవచ్చును. మెక్సికోలో ఆ వాడుకా వుంది. డబ్బా గింజలు దొరికే దేశంలో వున్న మన పిల్లలకు ఇంకా సులువు. గింజలు కడిగి, అన్నీ ఒకేసారి వేసి, పావుగంటలో దింపెయ్యడమే. సున్నం పని ఫ్యాక్టరీలో అయిపోయి వుంటుంది.

హలిస్కోలో దీన్ని ఎర్రగా చేస్తారు. గెర్రెరో రాష్ట్రంలో గుమ్మడిగింజలు రుబ్బి పోసి ఆకుపచ్చగా చేస్తారు. అక్కడ గురువారం వచ్చిందంటే పొసోలే తినవలసిందే. మిరప వెయ్యకుండా తెల్లగానూ చేస్తారు. సెప్టెంబరు 15 రాత్రి, వాళ్ళ స్వాతంత్ర్యోత్సవంనాడు, ఇంటింటా ఇదే.

లోతు గిన్నెల్లో వేడివేడిగా పోసి, పైన వేసుకొనేవన్నీ విడిగా పెట్టాలి. సన్నగా తరిగిన క్యాబేజీ, ముల్లంగి చక్రాలు, ఉల్లిముక్కలు, నిమ్మచెక్కలు, వేయించిన మొక్కజొన్న అప్పడాలు. ఒరెగానో అనే ఎండుటాకు కూడా నలిపి చల్లుకొంటారు. అది దొరకకపోతే పెరట్లో కుండీలో వుండే వామాకు ఒకటి సన్నగా తరిగి వెయ్యండి, వాసన దగ్గరగానే వుంటుంది. ముల్లంగి మాత్రం మానవద్దు. మిగిలితే మర్నాటికి చిక్కబడుతుంది, గ్లాసుడు వేడినీళ్ళు పోసి కాచుకోండి.