చేతులు ఆగాలి... తుంటి తిరగాలి!

గోల్ఫ్ కొత్తగా మొదలుపెట్టిన వారిలో చాలామందిది ఒకటే గోడు. క్లబ్బును భుజం మీదికి ఎత్తేదాకా అంతా బాగానే ఉంటుంది. తీరా కిందికి దించేసరికి బంతి ఎటో వంకర తిరిగి పోతుంది. లేదంటే బంతిని వదిలేసి నేలను తవ్వుతాం. ఇంటికొచ్చేసరికి నడుం పట్టేస్తుంది. 'ఈ ఆట మనకు అచ్చిరాదులే' అని కిట్టును అటకెక్కించే వాళ్లూ ఉన్నారు.

ఇంతకీ తప్పెక్కడ? ఎత్తిన క్లబ్బును చేతుల బలంతో దించాలనుకోవడంలోనే! అలా చేస్తే భుజాలు ముందుకు తోసుకొస్తాయి. దెబ్బ అడ్డంగా తగులుతుంది. నిజానికి ఆ కదలిక కింది నుంచి మొదలవ్వాలి. కుడిచేతి వాటం వాళ్లయితే ముందు బరువు ఎడమ పాదం మీదికి రావాలి. తర్వాత తుంటి ఎడమకు తిరగాలి. దాని వెంటే భుజాలు, చేతులు, చివరికి క్లబ్బు. ఇదంతా దాదాపు పావు సెకనులో అయిపోతుంది. ఆలోచించి చేసేంత వ్యవధి ఉండదు. ఒంటికి అలవాటు కావాల్సిందే.

ఈ మాటను గట్టిగా చెప్పినవారు అమెరికా ఆటగాడు బెన్ హోగన్. 1949 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో ఆయన కారును బస్సు ఢీకొంది. కటి ఎముక విరిగింది. మళ్లీ నడవడమే అనుమానమన్నారు వైద్యులు. అలాంటిది, 1950 జూన్‌లో కాళ్లకు పట్టీలు చుట్టుకుని ఆడి యు.ఎస్. ఓపెన్ గెలిచారు! 1957లో వచ్చిన 'ఫైవ్ లెసన్స్' పుస్తకంలో, క్లబ్బును దించే పని తుంటితోనే మొదలవ్వాలని రాశారు. విరిగిన చోటి విలువ ఆయన కన్నా ఎవరికి తెలుస్తుంది?

ఇక నిలబడే తీరు. మోకాళ్లు కాస్త సడలించి, తుంటి దగ్గర ముందుకు వంగాలి. వీపు గూనిలా ఉండకూడదు. బంతికి దెబ్బ తగిలేదాకా ఆ వంపు మారకూడదు. మధ్యలో లేచి నిలబడ్డారో, బంతి నెత్తిన తగిలి నేల మీద దొర్లుతుంది.

దీనికి మైదానం అక్కర్లేదు, ఇంట్లో గోడ చాలు. గోడకు వీపు పెట్టి, పిరుదులు తేలిగ్గా ఆనేలా, ఆటలో వంగినట్టే వంగండి. చేతులు గుండెల మీద కట్టుకోండి. కుడికి తిరిగినప్పుడు కుడి పిరుదు గోడకు ఆనాలి. ఎడమకు తిరిగినప్పుడు ఎడమ పిరుదు ఆనాలి. రెండూ గోడను వదిలేశాయంటే మీరు లేచిపోతున్నట్టే! రోజూ నిదానంగా ఓ 20 సార్లు చేయండి. నడుం నొప్పి ఉన్నవారు మాత్రం ముందు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాలి.

పిల్లలు చూసి నవ్వుతారా? నవ్వనివ్వండి. వాళ్లనూ పక్కన నిలబెట్టండి. అటకెక్కిన కిట్టు కిందికి దిగుతుందేమో!