కొన్న కూతగాడు, పెంచిన కూతగాడు

ఈసారి వంటలూ వంశవృక్షం పక్కన పెట్టి కబడ్డీ గురించి రాస్తున్నాం. కాస్త ఘాటుగానే రాస్తున్నాం. బెంగళూరులో, హైదరాబాదులో, అమెరికాలో ఉన్న మన క్యాంపుల వాళ్ళు చివరిదాకా చదవాలి. మీరు పంపే డబ్బు సంగతి కూడా ఇందులో ఉంది.

తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళు చూసుకుని కృష్ణా, గోదావరి, గుంటూరు వైపు నుంచి మన పెద్దలు సింధనూరు, మాన్వి తాలూకాలకు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. వాళ్ళ వెంట వచ్చిన ఆట చెడుగుడు. బడిలో మా పీటీ మాస్టారు కన్నడంలో 'దాళి' అనేవారు. ఇంట్లో తాతయ్య 'కూత' అనేవాడు. టీవీ పుణ్యమా అని ఇప్పుడందరూ 'రైడ్' అంటున్నారు. పేరేదైనా పని ఒక్కటే: ఒక్కడే గీత దాటి ఏడుగురి మధ్యకు వెళ్ళాలి, ముట్టుకోవాలి, కూత ఆగకుండా వెనక్కి రావాలి.

ఆ ఒక్కణ్ణి తయారు చెయ్యడం మన దగ్గర పూర్తిగా మానేశారు. పండక్కి మన క్యాంపుల్లో టోర్నమెంటు పెడితే జరిగేది చూడండి. ముందు రోజు రాత్రి ప్రతి టీమూ ఫోన్లు చేసి బయటి నుంచి ఇద్దరు రైడర్లను మాట్లాడుకుంటుంది. రానూపోనూ చార్జీలు, భోజనం, మ్యాచ్‌కి ఇంత అని బేరం. కూతకెళ్ళేది వాళ్ళు. మన పిల్లలు మూలల్లో నిలబడి చీలమండలు పట్టుకోవడానికి, చప్పట్లు కొట్టడానికి. కప్పు ఊళ్ళో ఉంటుంది, రైడర్ తెల్లారి బస్సెక్కుతాడు. మళ్ళీ ఏడాది మళ్ళీ ఫోన్లు. దీన్ని మైకులో 'క్రీడాభివృద్ధి' అంటున్నారు. మా లెక్కలో ఇది అద్దె వ్యవహారం.

పెద్ద స్టేజీ మీదా ఇదే కథ నడిచింది. తెలుగు టైటాన్స్ పోస్టర్ల మీద వెలిగిన రైడర్లు ఎవరు? ఉత్తరప్రదేశ్ రాహుల్ చౌదరి, మహారాష్ట్ర సిద్ధార్థ్ దేశాయ్, ఢిల్లీ పవన్ సెహ్రావత్. వాళ్ళ ఆటకు వంక పెట్టలేం. కానీ 2019 వేలంలో సిద్ధార్థ్‌కు 1.45 కోట్లు, 2023లో పవన్‌కు 2.60 కోట్లు పెట్టిన జట్టుకు మిగిలిందేమిటి? 8వ సీజన్‌లో 22 మ్యాచుల్లో గెలిచింది ఒక్కటి. పవన్ వచ్చిన 10వ సీజన్‌లో గెలిచింది రెండు.

అదే 8వ సీజన్‌లో కప్పెత్తింది దబంగ్ ఢిల్లీ. వాళ్ళ రైడర్ నవీన్ కుమార్ 6వ సీజన్‌లో కొత్త కుర్రాళ్ళ కోటాలో చేరినవాడు. వాళ్ళు అతన్ని వదలకుండా పెంచుకున్నారు. పవన్ కూడా ఒకప్పుడు గుజరాత్ జట్టులో బెంచీ మీద కూర్చున్నవాడే. బెంగళూరు బుల్స్ వెనక్కి పిలిచి, నమ్మి, వరసగా ఆడించింది. 2019 జనవరి 5న ఫైనల్లో ఒక్కడే 22 పాయింట్లు తెచ్చి కప్పు గెలిపించాడు. అదే పవన్‌ను తర్వాత తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకు కొంటే మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజనంతా పోయింది. ఎంత ధర పెట్టినా మోకాలికి హామీ రాదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు కాలేజీ ఫుట్‌బాల్ చూస్తారు కదా. అందులో మన రైడర్‌కి దగ్గరి చుట్టం వైడ్ రిసీవర్. అంచున నిలబడి, కాపలావాణ్ణి అడుగులతో ఏమార్చి, బంతి అందుకుని పరిగెత్తేవాడు. అక్కడా కొనుగోళ్ళు తక్కువేం కాదు. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, 2021 నుంచి ఆటగాడు తన పేరు మీద సంపాదించుకునే వీలొచ్చింది, తయారైనవాణ్ణి లాక్కోవడం పెరిగింది. అయినా పెద్ద జట్లలో రిసీవర్లకంటూ ప్రత్యేకంగా ఒక కోచ్ ఉంటాడు. కొత్త కుర్రాణ్ణి మొదటి ఏడాది పెద్దగా ఆడించకుండా, నాలుగు సీజన్లు ఆడే హక్కు పోకుండా, ఒళ్ళు పెంచి అడుగులు నేర్పే 'రెడ్‌షర్ట్' పద్ధతి ఉంది. కొనేవాళ్ళు సైతం పెంచడం మానలేదు.

రైడర్ని పెంచడమంటే ఏమిటో కూడా చెప్పాలి. 30 సెకన్లు ఊపిరి తీయకుండా 'కబడ్డీ' పలకాలి. మధ్య గీత నుంచి 3.75 మీటర్ల దూరంలో ఉన్న బాక్ లైను దాటాలి. ఎదురుగా ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు, ఇంకో మీటరు అవతల బోనస్ గీత మీదుగా ఒక పాదం పెట్టి, రెండో పాదం గాల్లో ఉంచాలి. ఒంట్లో అంత నిలకడ రావాలంటే ఏళ్ళు పడుతుంది. గొలుసు కట్టి వచ్చే డిఫెండర్ల కింద నుంచి దుబ్కీ కొట్టడం ఒంటరిగా ప్రాక్టీసు చేస్తే రాదు, ఎదురుగా గట్టిగా పట్టేవాళ్ళు రోజూ ఉండాలి. మనకున్నది నల్లరేగడి నేల, ఎండాకాలం బీటలు. అసలు పోటీలు మ్యాట్ మీద. మట్టిలో వట్టికాళ్ళతో నేర్చినవాడు బూట్లేసుకుని మ్యాట్ మీద ఒక్కసారిగా తిరిగితే పాదం ఆగిపోతుంది, మోకాలు తిరుగుతుంది.

మా ఇంటి పిల్లాడొకడికి అలాగే తిరిగింది. సెకండ్ పీయూసీలో ఉండగా ఒక్క టోర్నమెంటులో వాడి కూత చూసి ఒక కాలేజీ వాళ్ళు ఇంటికొచ్చారు. ఫీజు లేదు, హాస్టలు లేదు, మీరేం ఆలోచించకండి అన్నారు. కాగితం మాత్రం ఇవ్వలేదు. రెండేళ్ళు ఆడాడు, రెండు షీల్డులు తెచ్చిచ్చాడు. మూడో ఏడు మోకాలు పోయింది. ఆడనివాడికి రాయితీ లేదని ఫీజు మొత్తం కట్టమన్నారు. చదువు అక్కడే ఆగింది. ఇప్పుడు రైస్ మిల్లులో తూకం రాస్తున్నాడు. పని చిన్నదని మేం అనడం లేదు. వాడి షీల్డులు ఆ కాలేజీ ఆఫీసు అద్దాల బీరువాలో ఉన్నాయి, వాడి డిగ్రీ ఎక్కడా లేదు. అదే మా బాధ.

మా ఇంట్లో సంపాదన సాఫ్ట్‌వేర్ టెస్టింగు మీద. ఒక్క రోజు డెమో బాగుందని ఎవరూ రిలీజుకు సంతకం పెట్టరు. ఏది ఎప్పుడు విరుగుతుంది, విరిగితే ఏం చెయ్యాలి అని ముందే రాసుకుంటారు. మనిషి విషయంలో మాత్రం ఒక్క డెమో చాలా?

"పేరున్న రైడర్ లేకపోతే జనం రారండీ, మన పిల్లలు వాళ్ళని చూసి నేర్చుకుంటారు" అంటారు కమిటీ పెద్దలు. నేర్చుకునేటట్లయితే సంతోషం. అయితే ఆ రైడర్ని మూడు రోజులు ముందు పిలవండి, పొద్దునా సాయంత్రం మన పిల్లలకు నేర్పించమనండి, అందుకు డబ్బివ్వండి. రాత్రి దిగి తెల్లారి వెళ్ళేవాడి దగ్గర ఏం నేర్చుకుంటారు?

ఉద్యోగమిచ్చి నిలబెడితే ఎలా ఉంటుందో చూడాలంటే మమతా పూజారి ఉంది. కార్కళ దగ్గరి పల్లెటూరి పిల్ల. సికింద్రాబాదులో దక్షిణ మధ్య రైల్వే ఉద్యోగం ఆమెకు అండ. భారత జట్టుకు కెప్టెన్ అయ్యింది, 2014లో అర్జున అవార్డు అందుకుంది. కన్నడ పిల్లకు తెలుగు గడ్డ మీద దొరికిన నిలకడ, మన క్యాంపు పిల్లలకు సొంత ఊళ్ళో దొరకదా? ఆడపిల్లల టీము పేరెత్తితేనే మన కమిటీలు నవ్వడం ఎప్పుడు మానతాయి?

మేం అడిగేవి నాలుగే. ఒకటి, టోర్నమెంటులో ఏడుగురిలో కనీసం ఐదుగురు ఆ తాలూకా వాళ్ళే ఉండాలి, కూతకెళ్ళేవాళ్ళలో ఒకరైనా ఆ క్యాంపు పిల్లాడు కావాలి. రెండు, మొదటి బహుమతి సగానికి తగ్గించి, మిగతాది ఏడాది పొడుగునా కోచ్ జీతానికి, నాలుగైదు క్యాంపులకు కలిపి ఒక మ్యాట్‌కి పెట్టాలి. మూడు, కాలేజీ వాళ్ళు ఇంటికొస్తే తల్లిదండ్రులు కాఫీ ఇచ్చి కాగితం అడగాలి: దెబ్బ తగిలితే వైద్యం ఎవరిది, ఆడలేకపోతే చివరి ఏడాది దాకా ఫీజు ఎవరిది? రాసివ్వనంటే పిల్లాణ్ణి పంపకండి.

నాలుగోది మీకే, దూరాన ఉన్న బంధువులకు. తాతగారి పేర షీల్డు, నాన్నగారి పేర నగదు బహుమతి అని ఏటా పంపుతున్నారు. మీ ప్రేమ మాకు తెలుసు. ఈసారి షీల్డు వద్దు. తాతగారి పేరే పెట్టి, దెబ్బ తగిలిన ఒక పిల్లాడి ఫిజియోథెరపీకి, ఒక ఆడపిల్ల బూట్లకు, ఒక ఏడాది కాలేజీ ఫీజుకు పంపండి. రాళ్ళూ తుమ్మలూ ఉన్న బీడును నాలుగేళ్ళు చదును చేసుకుని సోనా మసూరి పండించినవాళ్ళు మన తాతలు. బజార్లో కొన్న ధాన్యం తెచ్చి మా పొలంలో పండిందని ఎన్నడూ చెప్పుకోలేదు.