ఆకుకూరలు తినమని చెప్పడం తేలికే

ఒంట్లో రక్తం లేని ఆడమనిషి కనిపిస్తే మన ఆరోగ్య శాఖ చెప్పే మాట ఒకటే: "ఆకుకూరలు తినమ్మా." ఆసుపత్రి గోడ మీద పోస్టరు అదే చెబుతుంది. పోషకాహార వారోత్సవాల్లో వక్తలు అదే చెబుతారు. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మనం కూడా అదే చెబుతున్నాం. స్త్రీలకు అవగాహన లేదు కనుక రక్తహీనత వస్తోందనీ, అవగాహన కలిగిస్తే పోతుందనీ ఈ మాట వెనక ఉన్న నమ్మకం. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఊళ్ళలోనూ, కొల్లేటి లంకల్లోనూ తిరిగే కార్యకర్తగా నేను ఈ నమ్మకాన్ని ఒప్పుకోను. తోటకూర మంచిదని తెలియని ఆడది నాకింతవరకు తారసపడలేదు. తెలియడానికీ తినడానికీ మధ్య ఏముందో చూడటానికి మనం సిద్ధంగా లేం. అసలు సమస్య అక్కడుంది.

ముందుగా కొన్ని అంకెలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు పురుషులలో 16.4 శాతం మందికే ఉంది. నెలసరి వల్ల, కాన్పుల వల్ల స్త్రీకి ఇనుము ఎక్కువ కావాలి, నిజమే. కానీ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండిన అన్నం తినేవాళ్ళ మధ్య ఇంత తేడాకు శరీర ధర్మం ఒక్కటే కారణమంటే నేను నమ్మను.

ఇంకో అంకె కూడా ఉంది. 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 98 మంది మాంసాహారులమని చెప్పారు. అంటే రక్తహీనతను శాకాహారుల సమస్యగా కొట్టిపారేయడానికి వీల్లేదు. మరి ఇంత మాంసాహార రాష్ట్రంలో నూటికి 59 మంది ఆడవాళ్ళకు రక్తం ఎందుకు లేదు?

ఆ 98 మందిలో ఉన్న స్త్రీ రోజూ ఏం తింటున్నదో చూడండి. ఇంట్లో చేప వండితే ముక్కలు మగవాడికీ మగపిల్లలకూ వెళతాయి. ఆమె చివర కూర్చుంటుంది, అప్పటికి గిన్నెలో పులుసు మిగులుతుంది. కార్తీకమాసమంతా ఆమె నీచు ముట్టదు. సోమవారం, శనివారం ఉపవాసాలు ఆమెవే. భర్త ఆయుష్షు కోసం, పిల్లల చదువు కోసం మొక్కులు ఆమెవే. కాన్పయితే పథ్యం పేరుతో పప్పూ, ఆకుకూరా, పండూ కూడా దూరం పెడతారు. ఇంటికి ఆమె మాంసాహారి అని పేరు, రోజువారీ కంచంలో ఆమె శాకాహారి. అదీ ఎంచుకున్న శాకాహారం కాదు, మిగిలిన శాకాహారం.

శాకాహారంలో బలం లేదని నేననడం లేదు. కులాచారం వల్లనో, తన ఇష్టం వల్లనో శాకాహారం తినే స్త్రీకి కావలసిన పోషకాలు దాదాపు అన్నీ దొరుకుతాయి. రాగులలో వంద గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. ఉలవలలో దాదాపు 9 మిల్లీగ్రాముల ఇనుము ఉంది. నువ్వులు, మునగాకు, తోటకూర, మొలకెత్తిన పెసలు ఉన్నాయి. గింజల్లో, ఆకుల్లో ఉండే ఇనుము ఒంటికి అంత తేలికగా పట్టదు కాబట్టి పక్కన నిమ్మకాయో, జామకాయో, ఉసిరికాయో ఉండాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగకూడదు, అది ఇనుమును పట్టనివ్వదు. బి12 విటమిన్ మాత్రం మొక్కల్లో దొరకదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం వీటిలోనే ఉంటుంది. అందుకని శాకాహారికి పాలూ పెరుగూ తప్పనిసరి, అవీ లేకపోతే మాత్ర తప్పనిసరి. ఇదంతా ఒక పేజీలో చెప్పగల శాస్త్రం.

కానీ ఆ పేజీలో ఉన్న శాకాహారం వేరు, పేద స్త్రీ తినే శాకాహారం వేరు. భారత వైద్య పరిశోధనా మండలి 2020లో స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని లెక్క కట్టింది. పురుషునికి 19. రోజంతా నాట్లు వేసే మనిషి అరకిలో తెల్లబియ్యం తిన్నదనుకోండి, అందులో వచ్చేది మూడు మిల్లీగ్రాముల పైచిలుకు. ఒక గుప్పెడు కందిపప్పు ఆమె వంతుకు వస్తే ఇంకొక మిల్లీగ్రాము పైన. మిగతాది పచ్చడి, చారు, మజ్జిగ. 29 ఎక్కడ, ఈ నాలుగున్నర ఎక్కడ? పైగా మధ్యాహ్నం ఆకలి చంపుకోవడానికి తాగే టీ ఒకటి. ఈ లెక్కలో ఒక తోటకూర కట్ట ఏం చేయగలదు? "పది రూపాయల కట్ట తెస్తే అయిదుగురికి ఏ మూలకండీ?" అని ఉంగుటూరు దగ్గర ఒకామె నన్నే అడిగింది. పోస్టరులో దానికి జవాబు లేదు.

అసలు విచిత్రమేమిటంటే, మన ప్రాంతంలో ఈ పోషకాలు లేకపోలేదు. ఇక్కడే పండుతున్నాయి, ఇక్కడి ఆడవాళ్ళ చేతుల మీదుగానే బయటికి పోతున్నాయి.

బియ్యం సంగతే తీసుకుందాం. తాడేపల్లిగూడెం అంటే రైసుమిల్లులు. వడ్లగింజలో బి విటమిన్లు ఎక్కువగా ఉండేది పై పొరలో, అంటే తవుడులో. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టేసరికి అది పోతుంది. దీని ఫలితం మన జిల్లాలకు కొత్త కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో సర్కారు జిల్లాల్లో బెరిబెరి జబ్బు ఉండేది. కాళ్ళు వాచి, నరాలు చచ్చుబడి, గుండె ఆగి మనుషులు పోయేవారు. కారణం మిల్లు పట్టిన పచ్చిబియ్యం. ఇప్పుడు హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టింది కూడా బెరిబెరి మీద విచారణకే. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. వడ్లను ఉడకబెట్టి ఆరబెట్టి ఆడిస్తే విటమిన్ గింజలోకి ఇంకుతుంది. అలాంటి ఉప్పుడు బియ్యం మన గోదావరి జిల్లాల మిల్లుల్లోనే తయారై కేరళకు పోతుంది. మనం తినేది తెల్లబియ్యమే. అలాగని మళ్ళీ రోకలి పట్టుకోమని ఆడవాళ్ళకు చెప్పేవాళ్ళతో నేను ఏకీభవించను. దంపుడు చాకిరీ నుంచి విముక్తి కావలసిందే. పాలిష్ తగ్గించమని అడగవలసింది మిల్లు యజమానినీ ప్రభుత్వాన్నీ.

మరి ఆ తవుడు ఎక్కడికి పోతోంది? నూనె తీశాక మిగిలిన తవుడు కొల్లేటి చేపల చెరువులకు మేతగా పోతోంది. ఆ మేత తిని పెరిగిన శీలావతి, బొచ్చె చేపలు మంచుపెట్టెల్లో, లారీల్లో కలకత్తాకూ ఈశాన్య రాష్ట్రాలకూ పోతున్నాయి. "చేపలు మా ఊరివేనండి, మావి కాదండి" అని ఒక లంక గ్రామంలో ఒక తల్లి అన్నది. అంతకంటె బాగా ఏ ఆర్థిక శాస్త్రవేత్తా చెప్పలేడు.

కొల్లేటిలో 1970ల నుంచి చెరువులు తవ్వారు. పేదల సంఘాల పేరిట మొదలైనవి కూడా లీజుల దారిన పెట్టుబడి ఉన్నవాళ్ళ చేతుల్లోకి పోయాయి. 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2005-06లో సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో చెరువుల గట్లు కొట్టేశారు. ఇన్నేళ్ళుగా వాదన అంతా ఎకరాల మీదే. వరిచేల గట్ల మీద ఆడవాళ్ళు కోసుకునే పొన్నగంటికూర, గలిజేరు ఏమయ్యాయి? వల విసిరి ముళ్ళతో సహా వండుకునే చిరుచేపలు, ఎముకలకు కాల్షియం ఇచ్చే ఆ పరిగెలు ఏమయ్యాయి? ఈ ప్రశ్న ఏ సమావేశంలోనూ ఎవరూ అడగగా నేను వినలేదు. చేలు చెరువులైనచోట గట్లు పోయాయి. చేలు మిగిలినచోట కలుపుమందు వచ్చింది. డబ్బు పెట్టకుండా దొరికే కూర స్త్రీకి ఉన్న ఆస్తి. ఆ ఆస్తి పోయినందుకు ఏ రిజిస్టరులోనూ లెక్క లేదు.

ఏలూరు పక్కన పెదవేగిలో భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధనా సంస్థ ఉంది. చుట్టూ తోటలున్నాయి. పామాయిల్ గెలల నుంచి తీసినప్పుడు ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపులో శరీరం విటమిన్ 'ఎ'గా మార్చుకునే కెరోటిన్ ఉంది. శుద్ధి చేసేటప్పుడు అది పోతుంది, తెల్లబడ్డ నూనె ప్యాకెట్టు మనకు వస్తుంది. పాల సంగతీ అంతే. గేదెను కడిగేదీ, మేత వేసేదీ, పాలు పితికేదీ ఆమె. పాలు కేంద్రానికి పోతాయి, డబ్బు అప్పుకు పోతుంది, ఆమెకు పలచని మజ్జిగ మిగులుతుంది. శాకాహారికి బి12 ఇచ్చే ఒక్క వస్తువూ అలా ఇల్లు దాటిపోతుంది.

ఈ విషయంలో మనం గర్వపడే ఒక పేరుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఉండేది అదే. అయితే ఆ కథ ముందు మొదలుపెట్టింది లూసీ విల్స్ అనే డాక్టరమ్మ. 1928 నుంచి బొంబాయిలో పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, లోపం వాళ్ళ తిండిలో ఉందని గుర్తించి, ఈస్టు సారంతో నయం చేసి చూపింది. ఆమె వాళ్ళకు అవగాహన లేదనలేదు. వాళ్ళ కంచంలో ఏముందో వెళ్ళి చూసింది. దాదాపు వందేళ్ళ తర్వాత మనం మళ్ళీ ఉపన్యాసాల దగ్గరే ఉన్నాం.

ప్రభుత్వం చేసేదేమీ లేదా అంటే ఉంది. 2018లో 'అనీమియా ముక్త్ భారత్' అన్నారు. గర్భిణికి రోజూ ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. మాత్ర కావాలి, మానమని ఎవరూ చెప్పకూడదు. కానీ అందులో బి12 లేదు. బి12 తక్కువున్న మనిషికి ఒట్టి ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తం బాగుపడినట్టే కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉండవచ్చు. తిమ్మిర్లు, మతిమరుపు అని చెబితే "నీరసమేలే" అని పంపించేస్తారు. 2021 ఆగస్టు 15న ప్రధాని పథకాలన్నింటిలో బలవర్ధక బియ్యం ఇస్తామని ప్రకటించారు. ఆ తర్వాత రేషనులో అవే పంపిణీ చేశారు. ముందు మిల్లులో పోషకాలు తీసేసి, తర్వాత కర్మాగారంలో తయారైన గింజలు వందకొకటి చొప్పున కలిపి ఇవ్వడం ఏం వివేకం? దాని బదులు పప్పు ఎందుకివ్వరు?

చట్టం ఏమంటున్నదో కూడా చూడాలి. 2013 ఆహార భద్రతా చట్టం హక్కుగా ఇచ్చింది బియ్యం, గోధుమలు, ముతక ధాన్యాలు. పప్పు హక్కుగా లేదు. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ ద్వారా ఆహారం మాత్రం హక్కు. 2023 జనవరిలో రెండో షెడ్యూలు సవరించి, కేలరీలతో పాటు సూక్ష్మపోషకాలనూ లెక్కలోకి తెచ్చారు. అదే చట్టం 13వ సెక్షను ఇంట్లో పెద్ద స్త్రీనే రేషను కార్డుకు యజమానిగా గుర్తించింది. కార్డు మీద ఆమె పేరు మొదట ఉంది, పంక్తిలో ఆమె చివర ఉంది.

2013లో మన రాష్ట్రంలో అమృతహస్తం పేరుతో గర్భిణులకు అంగన్‌వాడీలోనే ఒక పూట భోజనం, గుడ్డు, పాలు పెట్టడం మొదలైంది. అందులోని కీలకం అక్కడే కూర్చుని తినడం. సరుకు ఇంటికిస్తే అది అందరి సరుకైపోతుంది. అత్తగారి ముందు గుడ్డు తాను తింటానని ఏ కోడలు అనగలదు? అలా వండి వడ్డించే అంగన్‌వాడీ కార్యకర్తలు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేయవలసి వచ్చింది. అప్పుడు వాళ్ళకు ఇస్తున్నది నెలకు 11,500 రూపాయలు, ఆయాలకు 7,000. ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. ఊరి ఆడవాళ్ళకు పోషకాహారం పంచే స్త్రీకి తన ఇంట్లో పోషకాహారం కొనే జీతం లేదన్నమాట.

గుడ్డు పెట్టాలా వద్దా అని దేశంలో ఏళ్ళ తరబడి గొడవ నడుస్తోంది. తినేవాళ్ళ పిల్లల గుడ్డు తీసేయమనే హక్కు ఎవరికీ లేదు. తినని స్త్రీకి గుడ్డు కుక్కే హక్కూ ఎవరికీ లేదు. ఆమెకు దానికి సాటివచ్చే పాలు, పప్పు, నువ్వులు, బి12 మాత్ర ఇవ్వాలి. తినాలో వద్దో ఆమె నిర్ణయించుకోవాలి. ఆమె తరఫున మఠాధిపతులూ, అధికారులూ, భర్తలూ నిర్ణయించకూడదు.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. రేషనులో పప్పు, రాగులు, నూనె ప్రతి నెలా హక్కుగా కావాలి. బియ్యానికి పాలిష్ తగ్గించాలి. గర్భిణికీ బాలింతకూ వేడి భోజనం కేంద్రంలోనే పెట్టాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష అంకె ఆమెకు చెప్పి ఆమె కార్డు మీద రాయాలి, బి12 పరీక్షా మందూ ఉచితంగా ఇవ్వాలి. పంచాయతీ స్థలాలూ చెరువుగట్లూ కూరగాయలకు భూమిలేని స్త్రీల సంఘాలకు ఇవ్వాలి. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు కనీస వేతనం ఇవ్వాలి.

ఇక మన వంతు. ఈసారి ఊళ్ళో సమావేశం పెట్టినప్పుడు పోస్టరు పక్కన పెట్టి మూడు ప్రశ్నలు అడుగుదాం. నిన్న నువ్వేం తిన్నావు? ఎవరి తర్వాత తిన్నావు? నువ్వు కూర్చునేసరికి గిన్నెలో ఏం మిగిలింది? జవాబులు రాసుకుని, ఆ కాగితాలతో మండల కార్యాలయానికి ఆడవాళ్ళందరం కలిసి వెళదాం. ఇంట్లో పంక్తి మార్చే పని కూడా ఆ సమావేశంలోనే మొదలవుతుంది. వరసలో ఎవరు చివర కూర్చుంటున్నారో నలుగురిలో బయటపెట్టాక, రేపటి నుంచి అందరూ కలిసి కూర్చోమని ఆ ఇంటి మగవాళ్ళతో చెప్పడం కష్టమేమీ కాదు.