‘జ్ఞా’ దెబ్బకి ఐఫోన్ పడిపోయింది, గుర్తుందా?

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లని పడేసింది. ‘జ్ఞా’. మామూలుగా జ్ఞానం అని టైప్ చేస్తే ఏమీ అవ్వదు. ఒత్తుకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఇరుక్కుంటేనే యాప్ క్రాష్. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీన్ కూడా గోవిందా. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది.

అప్పట్లో వార్తలు చదివితే తప్పంతా మన అక్షరానిదే అనిపించేది. మా విజయనగరం భాషలో చెప్పాలంటే, అక్షరం ఏటి చేసింది పాపం! తప్పు అక్షరాలని స్క్రీన్ మీద పేర్చే కోర్‌టెక్స్ట్ కోడ్‌ది. కొన్ని బెంగాలీ, దేవనాగరి అక్షరాలకీ అదే గతి పట్టింది. ఆ కోడ్ బయటివాళ్ళకి కనపడదు కాబట్టి, అక్షరాలు మార్చి మార్చి కొట్టి కారణం ఊహించడమే వాళ్ళకి మిగిలింది.

ఆండ్రాయిడ్‌లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ కూడా దాన్నే వాడతాయి. పూర్తిగా ఓపెన్ సోర్స్. గూగుల్ 2016లో మొదలుపెట్టిన ఓఎస్ఎస్-ఫజ్ దానికి రాత్రీపగలూ చెత్త ఇన్‌పుట్ తినిపించి, ఎక్కడ కూలుతుందో చూస్తుంటుంది.

అలాగని ఓపెన్ అయితే చాలు, సేఫ్ అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ 2012 నుంచి 2014 దాకా అందరి కళ్ళ ముందే ఉంది, పట్టుకున్నవాళ్ళు లేరు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ యుటిల్స్‌లో బ్యాక్‌డోర్ దొరికిందంటే, ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తవ్వడం వల్లే. అది కూడా సొంత ఆసక్తితో. సోర్స్ చేతిలో ఉంది కాబట్టి చివరిదాకా వెళ్ళగలిగాడు.

మెషీన్ క్రాష్‌ని పట్టగలదు. కానీ ‘క్ష్మ’ తప్పుగా పడితే దానికేం తెలుస్తుంది? అది చదవడం వచ్చినవాళ్ళు చెప్పాలి. శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో వేలమంది కంప్యూటర్ సైన్స్ చదువుతున్నారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ డబ్బులిచ్చి కొనే బదులు (ఎవరూ కొనరు లెండి!) హార్ఫ్‌బజ్‌కి పది తెలుగు టెస్ట్‌కేసులు రాయొచ్చు. సీ ప్లస్ ప్లస్ రాకపోయినా పర్లేదు. ఏ పదం, ఏ ఫాంట్, ఏ వెర్షన్, ఎలా రావాలి, ఎలా వచ్చింది రాస్తే అది కూడా మంచి రిపోర్టే.

ఒక్కటి మాత్రం చెయ్యకండి. ఫోన్‌ని పడగొట్టే మెసేజ్ దొరికితే సరదాకి వాట్సాప్ గ్రూపులోకి తొయ్యకండి. ప్రాజెక్ట్ పేజీలో సెక్యూరిటీ అనే ఫైల్ ఉందేమో చూసి, అందులో చెప్పిన అడ్రస్‌కి విడిగా మెయిల్ పెట్టండి. ప్యాచ్ వచ్చాక గ్రూపులో ఎంత గొప్ప చెప్పుకున్నా ఎవరూ కాదనరు.